గ్యాస్ కొట్టించే ముందు

మార్చి సగం దాటాక, చలికాలమంతా ముట్టుకోని ఏసీ బటన్ నొక్కుతాం. గాలి వస్తుంది, చల్లదనం రాదు. వెంటనే నోటికొచ్చే మాట "గ్యాస్ అయిపోయినట్టుంది" అని. షాపుకు తీసుకెళ్తే అక్కడి కుర్రాడూ బోనెట్ ఎత్తకముందే అదే అంటాడు. ఇద్దరి మాటా కలిసింది గనుక జబ్బేమిటో తేలిపోయిందనుకుని గ్యాస్ కొట్టించి ఇంటికొస్తాం. రెండు వారాలు బాగానే ఉంటుంది. రోహిణి కార్తె నాటికి మళ్లీ వేడిగాలి.

ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే మీ డబ్బు చాలావరకు మిగులుతుంది. ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడి నుంచో బయటికి పోయిందన్నమాట. పదిహేనేళ్ల కారులో రబ్బరు గొట్టాల గుండా, సీళ్ల గుండా కొద్దికొద్దిగా పోవడం మామూలే. కొన్నేళ్లకోసారి కాస్త పట్టించాల్సి వస్తే దానికి కంగారు పడక్కర్లేదు. ప్రతి వేసవికీ కొట్టించాల్సి వస్తోందంటే మాత్రం లీకేజీ ఉంది, దాన్ని ఎవరూ వెతకలేదు. ఇంకో సంగతి: ఏసీ చల్లబడకపోవడానికి ఉన్న అరడజను కారణాల్లో గ్యాస్ తగ్గడం ఒకటి మాత్రమే. మిగతావాటిలో చాలామటుకు మీ ఇంటి ముందు, చేతికి మట్టి అంటకుండా కనిపెట్టవచ్చు.

ఏసీ చలిని తయారుచేయదు. కారు లోపలి వేడిని ఎత్తి బయట పారబోస్తుంది, అంతే. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే పాత కార్లలో ఎక్కువగా ఉండే ఆర్134ఏ గ్యాస్ మామూలు వాతావరణ పీడనంలో సున్నాకు 26 డిగ్రీలు దిగువనే మరిగిపోతుంది. ఏ ద్రవమైనా మరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌లో జరిగేది ఇదే. అక్కడ వేడి తాగిన గ్యాస్‌ను ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ గట్టిగా నొక్కి, రేడియేటర్ ముందుండే కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ ఫ్యాన్ గాలికి వేడి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. డ్రయ్యర్‌లో తేమ వడగట్టుకుని, ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి దారి గుండా కాయిల్‌లోకి చిమ్ముకుంటుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా మీకు తెలిసేది ఒక్కటే: "కూలింగ్ రావట్లేదు". అందుకే ఆ మాటతో షాపుకు వెళ్లకండి. అంతకంటే ఎక్కువ తెలుసుకుని వెళ్లండి.

గాలి తక్కువా, చలి తక్కువా?

ముందు ఇది తేల్చుకోండి. రెండూ వేరు వేరు జబ్బులు.

బ్లోయర్ నాలుగో నంబరులో మాత్రమే తిరిగి, ఒకటి, రెండు, మూడు నంబర్లలో చప్పుడు చేయకపోతే రెసిస్టర్ కాలిపోయింది. గ్లవ్ బాక్స్ వెనక ఉండే చిన్న ముక్క అది. మార్చడం అరగంట పని, దీనికి గ్యాస్‌తో సంబంధమే లేదు. ఏ నంబరులోనైనా గాలి పీలగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ బయటికి తీసి చూడండి. బాగా పాత కార్లలో అసలు ఆ ఫిల్టరే ఉండదు. అప్పుడు వేపాకులు, దుమ్ము, వెంట్రుకలు నేరుగా కూలింగ్ కాయిల్‌కు అంటుకుని బూజుపట్టిన దుప్పటిలా తయారవుతాయి.

మొదట చల్లగా వచ్చి, అరగంట ప్రయాణం తర్వాత గాలి క్రమంగా సన్నగిల్లి, ఏసీ ఆపి కాసేపాగి మళ్లీ వేస్తే మామూలుగా వస్తోందా? అది కాయిల్ మీద మంచు గడ్డకట్టడం. కాయిల్ చల్లదనాన్ని గమనించి కంప్రెసర్‌ను ఆపాల్సిన థర్మోస్టాట్ లేదా దాని సెన్సర్ పనిచేయడం లేదని అర్థం. కాయిల్ నిండా మురికి పట్టినా, గ్యాస్ కొంచెం తగ్గినా ఇలాగే జరగవచ్చు. ఈ లక్షణాన్ని చెప్పకుండా "గాలి రావట్లేదు" అంటే మెకానిక్ బ్లోయర్ మోటారు మార్చేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం, మీరు చెప్పిన మాటకు అతను చేసిన వైద్యం అది.

గాలి ధారాళంగా ఉండి చలి లేకపోతే బోనెట్ ఎత్తండి. ఇంజిన్ నడుస్తుండగా ఒకరు లోపల కూర్చుని ఏసీ బటన్ వేసి ఆపుతుండాలి. మీరు కంప్రెసర్ పుల్లీని చూస్తుండాలి. చేతులు, చున్నీ, పైపంచె దూరంగా ఉంచుకోండి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ చెప్పాపెట్టకుండా తిరుగుతుంది. పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఏసీ వేసిన క్షణాన దాని ముందున్న పళ్లెం "టక్"మని అతుక్కుని పుల్లీతోపాటు తిరగాలి. అదే మాగ్నెటిక్ క్లచ్. దానితోపాటు ఇంజిన్ చప్పుడు కొంచెం బరువెక్కుతుంది.

టక్ మన్న శబ్దం రాకపోతే ముందు ఫ్యూజ్, తర్వాత రిలే చూడండి. చాలా కార్లలో హారన్ రిలే, ఏసీ రిలే ఒకే రకం. ఆ రెండింటి మీద ఉన్న నంబరు ఒకటే అయితే ఒకదాని చోట ఒకటి మార్చి చూడవచ్చు, పైసా ఖర్చుండదు. ఏసీ పనిచేసి హారన్ మూగబోతే దొంగ దొరికినట్టే. ఇవి బాగుంటే ప్రెషర్ స్విచ్ అడ్డుకుంటూ ఉండవచ్చు. గ్యాస్ బాగా తగ్గితే కంప్రెసర్ పాడవకుండా కాపాడేందుకు అది కరెంటు ఆపేస్తుంది. ఆ స్విచ్‌కు అడ్డంగా వైరు ముక్క పెట్టి "ఇప్పుడు నడుస్తది" అనేవాళ్లు ఉన్నారు. నడుస్తుంది, కంప్రెసర్ పట్టేసేదాకా. గ్యాస్‌తోపాటే తిరిగే ఆయిలే కంప్రెసర్‌కు జీవం. గ్యాస్ లేకపోతే ఆయిలూ తిరగదు.

పాత కార్లలో ఇంకో విచిత్రం ఉంది. పొద్దున్న క్లచ్ పడుతుంది, గంట తిరిగాక వేడెక్కి పడడం మానేస్తుంది. ఏళ్ల అరుగుదలతో పళ్లేనికీ పుల్లీకీ మధ్య సందు పెరిగిపోతే, వేడికి బలం తగ్గిన క్లచ్ కాయిల్ ఆ పళ్లేన్ని లాగలేకపోతుంది. సుమారు అర మిల్లీమీటరు ఉండాల్సిన సందు అది. చాలా మోడళ్లలో లోపలున్న పల్చటి వాషర్ ఒకటి తీసేస్తే సరిపోతుంది. తెలిసినవాడు కొద్దిసేపట్లో చేసే ఈ పనికి కొత్త కంప్రెసర్ అంటగట్టించుకున్నవాళ్లు చాలామంది.

ఎప్పుడు, ఎక్కడ?

అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇదేనని నా నమ్మకం. ఏసీ ఎప్పుడూ ఒకేలా పాడవదు. ఏ వేళ, ఏ రోడ్డు మీద మొరాయిస్తోందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది.

మా కాలనీలో ఒక రిటైర్డ్ మాస్టారికి 2007 నాటి వ్యాగన్ ఆర్ ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద చల్లగా ఉంటుంది, ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగితే రెండు నిమిషాల్లో ముక్కుకు వేడిగాలి తగులుతుంది. షాపులో కుర్రాడు యథాప్రకారం, "గ్యాస్ తక్కువుంది సార్, కొట్టిస్తే ఫ్రిజ్ లెక్క అయితది" అన్నాడు. మాస్టారు ఊరుకోలేదు. "పోయినేడు కూడా ఇదే చెప్పినవు కదా నాయనా, ఆ గ్యాస్ ఎటు పోయినట్టు?" అని అడిగారు. కుర్రాడు తల గోక్కున్నాడు.

ఆ కారుకు చేసిన పరీక్ష ఎవరైనా చేయవచ్చు. నీడలో ఆపి, ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచి, ఏసీ ఫుల్‌గా పెట్టి, మధ్య వెంట్‌లో వంటింటి డిజిటల్ థర్మామీటర్ దూర్చాం. అంకెలు 15, 18, 21 అని పైకి పోతున్నాయి. అప్పుడు ముందు గ్రిల్‌లోంచి కండెన్సర్ మీద చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోశాం. నిమిషం తిరక్కుండా అంకె దిగడం మొదలైంది. నీళ్లు పోస్తే చల్లబడిందంటే గ్యాస్ సరిపడా ఉంది, కంప్రెసర్ నొక్కుతోంది. బయటికి వేడి పోయే దారే మూసుకుపోయింది. వంగి చూస్తే కండెన్సర్ ఫ్యాన్ కదలకుండా ఉంది. రిలే మార్చినా తిరగలేదు. మోటారు వెనక భాగాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తడితే నాలుగు చుట్లు తిరిగి ఆగింది. లోపల కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. హైవే మీద కారు వేగానికి వచ్చే గాలే ఫ్యాన్ పని చేసిపెడుతోంది గనుక అక్కడ చల్లగా ఉంటోంది. నీళ్లు పోసేటప్పుడు మాత్రం వైర్ల కనెక్టర్లు, ఆల్టర్నేటర్ తడవకుండా చూసుకోవాలి.

ఫ్యాన్ తిరుగుతున్నా ఇదే లక్షణం కనిపిస్తే కండెన్సర్ మురికిగా ఉందని అనుమానించండి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనబడుతుంది. అసలు చెత్త కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో పేరుకుంటుంది. ఇంజిన్ చల్లారాక, వీలైతే వెనక నుంచి ముందుకు నీళ్లు పట్టాలి. సర్వీస్ సెంటర్‌లో కార్లు కడిగే ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే సన్నటి అల్యూమినియం రేకులు వంగి గాలి దారి పూర్తిగా మూసుకుపోతుంది. తోటకు నీళ్లు పట్టే గొట్టం చాలు.

ఇందుకు పూర్తిగా తిరగేసిన లక్షణం కూడా ఉంది: సిగ్నల్ దగ్గర ఫరవాలేదు, ఇంజిన్ వేగం పెంచితే కీచుమని అరిచి చల్లదనం తగ్గిపోతుంది. అది బెల్టు జారడం. బెల్టు వదులైనా, మీద నూనె పడ్డా ఇలా అరుస్తుంది.

పొద్దున్నా సాయంత్రం బాగుండి, మిట్టమధ్యాహ్నం చాలకపోతే అసలు జబ్బే కాకపోవచ్చు. రామగుండంలో, రెంటచింతలలో 45 డిగ్రీల ఎండలో రెండు గంటలు నిలబెట్టిన నల్ల కారును చిన్న ఇంజిన్ ఏసీ పది నిమిషాల్లో చల్లబరచలేదు. ముందు నాలుగు అద్దాలూ దించి కిలోమీటరు నడిపి లోపలి వేడిగాలిని తరిమేసి, అప్పుడు అద్దాలు మూసి, బయటి గాలి రాకుండా రీసర్క్యులేషన్ వేయండి. ఆ మీట ఎప్పుడూ బయటి గాలి వైపే ఉండిపోయిన కార్లు నేను చాలా చూశాను. దాని మీది బొమ్మ ఎవరికీ అర్థం కాకపోవడం ఒక కారణం.

ఇంకో దొంగ హీటర్. మన ఊళ్లలో హీటర్ ఎవరు వాడతారని దాని జోలికే పోం. కానీ ఇంజిన్ వేడి నీళ్లు హీటర్ కోర్‌లోకి పోతూనే ఉంటాయి. చల్లటి గాలినీ వేడినీ వేరుచేసే రేకు తలుపు కేబుల్ సాగిపోయి పూర్తిగా మూసుకోకపోతే, కాయిల్ చల్లబరిచిన గాలిని హీటర్ మళ్లీ వేడిచేసి మీ ముఖానికి కొడుతుంది. టెంపరేచర్ మీటను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పినా తేడా తెలియకపోతే, లేదా మీట మరీ తేలిగ్గా తిరుగుతుంటే అక్కడ చూడమని చెప్పండి.

గ్యాస్ ఎటు పోయింది?

ఇవన్నీ చూశాక కూడా అనుమానం గ్యాస్ మీదికే పోతే, అప్పుడు వెతకాల్సింది లీకేజీని. గ్యాస్ కంటికి కనపడదు, కానీ ఒంటరిగా బయటికి రాదు. ఆయిల్‌ను కూడా కొంచెం లాక్కొస్తుంది. ఆ జిడ్డుకు రోడ్డు దుమ్ము అంటుకుంటుంది. టార్చి వేసి గొట్టాల అతుకులు, కండెన్సర్ మూలలు, కంప్రెసర్ మూతి, గ్యాస్ ఎక్కించే వాల్వుల మూతల కింద చూడండి. చుట్టూ పొడి మట్టిరంగు ఉండగా ఒక్కచోట రూపాయి బిళ్లంత నల్లగా, వేలుపెడితే జారేటట్టు ఉంటే అక్కడి నుంచే పోతోంది. చాలాసార్లు లోపలున్న రబ్బరు ఓ-రింగ్ ఎండిపోయి ఉంటుంది. పది ఇరవై రూపాయల వస్తువు. గ్యాస్ వాల్వుకు ప్లాస్టిక్ మూత లేకుండా ఏళ్ల తరబడి తిరిగే కార్లు కోకొల్లలు. ఆ మూత ఊరికే పెట్టింది కాదు, దుమ్మును ఆపుతుంది, అరిగిన వాల్వు నుంచి గ్యాస్ జారకుండా రెండో కాపలాగా ఉంటుంది.

కూలింగ్ కాయిల్ లీకైతే బయటికి కనిపించదు. వెంట్ నుంచి తియ్యటి రసాయనపు వాసన రావడం, అద్దం లోపలివైపు జిడ్డు పొర పట్టడం గుర్తులు. ఎడమవైపు సీటు కింద నీళ్లు కారుతుంటే మాత్రం భయపడకండి. కాయిల్ మీద చేరిన తేమ బయటికి పోయే డ్రెయిన్ పైపు మూసుకుపోయింది, కారు కింద నుంచి ఒక సన్నటి గొట్టంతో శుభ్రం చేస్తే పోతుంది. ఏసీ నడుస్తుండగా కారు కింద నీటి చుక్కలు పడడం ఆరోగ్యానికి గుర్తు.

గ్యాస్ లైను నట్లను మీరు విప్పకండి. లోపల ఒత్తిడి తక్కువేమీ కాదు. ద్రవం చర్మం మీద పడితే క్షణంలో గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

షాపులో అడగాల్సినవి

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఒకే వీధిలో పాత కార్ల ఏసీ పని తెలిసినవాళ్లు నలుగురైనా దొరుకుతారు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోవడానికి నేను చూసేది బోర్డు కాదు, తూకం. గ్యాస్‌ను తూచి ఎక్కించేవాడు పని తెలిసినవాడు. మీ కారుకు ఎన్ని గ్రాములో బోనెట్ లోపలి స్టిక్కర్ మీద ఉంటుంది. చిన్న కార్లలో సాధారణంగా అరకిలో అటూ ఇటూ. స్టిక్కర్ చిరిగిపోతే మాన్యువల్‌లో చూడండి.

గేజీ చూసి "ప్రెషర్ లేదు" అంటే ఇంజిన్ ఆపి చూశాడా, నడుస్తుండగానా అని అడగండి. ఇంజిన్ ఆగి చల్లారిన కారులో ఆర్134ఏ ఒత్తిడి బయటి వేడిని బట్టి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర సుమారు 95 పీఎస్ఐ, 40 డిగ్రీల దగ్గర 130 పైచిలుకు. లోపల ద్రవం కొంచెమే మిగిలినా గేజీ అంతే చూపిస్తుంది గనుక గ్యాస్ పూర్తిగా ఉందో సగమే ఉందో ఆ అంకె చెప్పదు. నడుస్తుండగా రెండు గేజీలూ కలిపి చదవాలి. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే కండెన్సర్, ఫ్యాన్ లేదా గ్యాస్ ఎక్కువ పోయడం. తక్కువ ఒత్తిడి వైపు ఎక్కువగా, ఎక్కువ ఒత్తిడి వైపు తక్కువగా ఉంటే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. తక్కువ వైపు ముల్లు సున్నా కిందికి పోతుంటే వాల్వో డ్రయ్యరో మూసుకుపోయింది. ఇక్కడ గ్యాస్ ఎక్కువ పోయడం గురించి ఒక మాట: "ఇంకో వంద గ్రాములు వేయి, గట్టిగా చల్లబడాలి" అని మనమే అడుగుతుంటాం. ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది.

లైను విప్పిన ప్రతిసారీ కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టాలి. గాలి ఖాళీ అయ్యేకొద్దీ లోపలి తేమ మామూలు వేడికే మరిగి బయటికి పోతుంది. తర్వాత పంపు ఆపి ముల్లు నిలబడుతుందో లేదో పావుగంట చూడాలి. లీకేజీ పరీక్షకు నైట్రోజన్ వాడాలి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ పెట్టనివ్వకండి. ఆ గాలిలో తేమ ఉంటుంది, పైగా ఒత్తిడిలో గాలితో కలిసిన ఆర్134ఏ మండే అవకాశం ఉంది. పేరూ ఊరూ లేని చవక డబ్బాల గ్యాస్ కూడా వద్దు. 2011లో ఓడల్లో సరుకు మోసే శీతల కంటైనర్లు పేలి మనుషులు చనిపోయినప్పుడు, మిథైల్ క్లోరైడ్ కలిసిన కల్తీ గ్యాసే కారణమని వేలు చూపించారు. అది అల్యూమినియంతో కలిస్తే గాలి తగలగానే అంటుకునే పదార్థం తయారవుతుంది. మీ కండెన్సరూ అల్యూమినియమే.

కంప్రెసర్ నిజంగానే పోయి, లోపల అరిగిన లోహపు పొడి రాలి ఉంటే ఒక్క కంప్రెసరే మార్చి పంపించడం దండగ. ఆ పొడి కండెన్సర్‌లో దాక్కుని కొత్తదాన్నీ తినేస్తుంది. లైను కడిగి, డ్రయ్యర్ మార్చి, అవసరమైతే కండెన్సర్ కూడా మార్చాలి.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాళ్ల మారుతి 800 లాంటివి ఇష్టంగా దాచుకున్నవాళ్ల సంగతి వేరు. వాటికి పెట్టిన ఏసీల్లో ఆర్12 ఉండేది. ఓజోన్ పొరను తినేస్తున్నందుకు 1987 మాంట్రియల్ ఒప్పందం దాన్ని దశలవారీగా ఆపింది, మన దేశం 1992లో ఆ ఒప్పందంలో చేరింది. ఆర్12 లైనులోకి నేరుగా ఆర్134ఏ ఎక్కిస్తే పని జరగదు. పాత మినరల్ ఆయిల్ కొత్త గ్యాస్‌తో కలవదు. ఆయిల్, డ్రయ్యర్, సీళ్లు, ఎక్కించే వాల్వులు మార్చాలి.

ఇక ఎంతవరకు ఖర్చుపెట్టాలన్నది కారు వయసును బట్టి ఉంటుంది. పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఆ తేదీ దగ్గరపడి, ఇంజిన్ కూడా మూలుగుతుంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పే కూలింగ్ కాయిల్ పనికి నేనైతే డబ్బు పెట్టను. ఇంజిన్ దిట్టంగా ఉండి, ఇంకా అయిదేళ్లు నడిపే ఉద్దేశం ఉంటే డ్యాష్‌బోర్డు విప్పిన ఆ ఒక్కసారే కాయిల్‌తోపాటు ఎక్స్‌పాన్షన్ వాల్వు, సెన్సర్ మార్పించేయండి. బ్లోయర్ శుభ్రం చేయించి, హీటర్ కేబుల్ బిగించమనండి. రెండోసారి విప్పితే కూలీ మళ్లీ మొదటికొస్తుంది, పైగా పాత ప్లాస్టిక్ క్లిప్పులు విరిగి గతుకుల రోడ్డు మీద డ్యాష్‌బోర్డు కటకటలాడుతుంది. బిల్లు మీద ఎన్ని గ్రాముల గ్యాస్ పట్టిందో, మధ్య వెంట్‌లో ఎన్ని డిగ్రీలు వచ్చిందో రాయించుకోండి. డిసెంబరులో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి, కంప్రెసర్ సీలు ఆయిల్ తగలక ఎండిపోకుండా ఉంటుంది.